నిండు చూడి కెమెరా

డాక్టర్ సువర్చల పశువుల డాక్టరు. రాళ్ళచెలమ మండలంలో గొర్రెలు ఎక్కువ, మనుషులు తక్కువ, ఆస్పత్రి ఒక్కటే. అది పశువులది. అందుకని జలుబు చేసినా, కాలు బెణికినా మనుషులు కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఇది మీ ఆస్పత్రి కాదని ఆవిడ తిప్పి పంపేసేది. కాని నాలుక చూశాకే పంపేది.

ఆవిడకి సొంత స్టూడియో ఉండేది. స్టూడియో అంటే వంటిల్లు. పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా తూర్పు కిటికీలోంచి మంచి వెలుగు వస్తుంది. గట్టు మీద బియ్యం డబ్బా, డబ్బా మీద ఉప్పు జాడీ, జాడీకి ఆనించి తన పాత ఫోను. వెనక గోడకి నీలం దుప్పటి, ఎందుకంటే గోడ మీద తాలింపు మరకలున్నాయి. ఫ్యాను ఆపేయాలి, లేకపోతే మాట వినపడదు. పక్కింటి కోడిని మాత్రం ఆపలేకపోయింది. ఆవిడ తీసిన వీడియోలన్నిట్లోనూ ఆ కోడి మాట్లాడుతుంది.

ఈ స్టూడియోలోంచి రెండేసి నిమిషాల వీడియోలు తీసి 'మందమాట' అనే పేరుతో పెట్టేది. పిడుదులు ఎలా తీయాలి, పుట్టిన పిల్లకి మొదటి పాలు ఎప్పుడు తాగించాలి, గొర్రె మేత మానేస్తే ముందు ఏం చూడాలి. చెప్పాల్సింది చెప్పి, ఒక నమస్కారం పెట్టి, పొయ్యి ముట్టించుకునేది.

వీటిలో ముఖ్యమైనది ఏడాదికొకసారి వచ్చే వీడియో. అది చిటుకు రోగం టీకా గురించి. తొలివానకి మొలిచిన లేతగడ్డిని గొర్రె ఆబగా మేస్తుంది. పొద్దున మేసింది మధ్యాహ్నానికి చిటికేసినంతలో పడిపోతుంది. పడ్డాక ఏ డాక్టరూ చేసేదేమీ లేదు. వానకి ముందే టీకా పడాలి, అంతే. చిక్కెక్కడంటే, వానకి ముందు రాళ్ళచెలమలో గొర్రెలుండవు. ఎండాకాలం మేత కోసం కాపర్లు మందలు తోలుకుని జిల్లాలు దాటి వలసపోతారు. ఎవరు ఏ చెరువు కింద దిగారో వాళ్ళ పెళ్ళాలకే తెలియదు. అయితే ప్రతి మందలోనూ ఒక ఫోనుంది. ఆ ఫోనులో సువర్చల కనబడి "ఇంక ఇంటికి తిరగండి, టీకా వేస్తాను" అంటే తిరిగేవాళ్ళు.

గొర్రెల మాళింగప్ప సంగతే చూడండి. అతనికి నూట ఇరవై గొర్రెలు. ఈ వీడియోలు లేని రోజుల్లో, మూడేళ్ళ కింద, ఒక్క పూటలో పద్దెనిమిది పోగొట్టుకున్నాడు. అన్నింటినీ వరసగా పడుకోబెట్టి ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి ఏడ్చాడు. అది చూసి ఇంటికొచ్చిన సువర్చల అన్నం ముట్టలేదు. ఆ వంటింట్లోనే కూర్చుని ఆవిడ మొదటి వీడియో తీసింది. నిరుడు టీకా వీడియో చూసి మాళింగప్ప మూడు రోజులు నడిచి మందను ఇంటికి తెచ్చాడు. ఒక్కటీ పోలేదు.

ఇంతవరకూ అంతా బాగుంది. అంటే, శాఖకి తెలియనంతవరకూ బాగుంది.

ఈ యేడు ఏప్రిల్లో, రాజధానిలో ఒక పెద్దాయన తన మనవరాలికి కోడిని చూపిద్దామని ఫోను తిప్పుతూ సువర్చల వీడియో చూశాడు. మనవరాలికి కోడి నచ్చింది. ఆయనకి వీడియో నచ్చింది. "మన శాఖలో ప్రతి డాక్టరు ఇంట్లోనూ ఒక స్టూడియో ఉంటే ఎంత బాగుంటుంది!" అన్నాడు. ఆయన ఊరికే అన్నాడు. కాని పెద్దవాళ్ళు పైన ఊరికే అన్నది ఒక్కో మెట్టు దిగేకొద్దీ బరువెక్కుతుంది. జిల్లాకి వచ్చేసరికి అది 'సమగ్ర గృహ దృశ్యశ్రవణ విస్తరణ మహోద్యమం' అయి కూర్చుంది.

జాయింట్ డైరెక్టర్ డాక్టర్ విశ్వంభర్ గారు సువర్చలను జిల్లా కార్యాలయానికి పిలిపించారు. ఆయన బల్ల మీద శాలువా సిద్ధంగా ఉంది. దాని పక్కనే మెమో కూడా ఉంది.

"డాక్టర్ గారూ, మీ చొరవ మిక్కిలి అభినందనీయం. అభినందిస్తూనే తక్షణం నిలుపుదల చేస్తున్నాం" అన్నారు శాలువా కప్పుతూ.

"ఎందుకు సార్?"

"మీరు వాడుతున్న పరికరం ఏ జాతిది?"

"ఫోను సార్."

"అది తెలుసు. మేలుజాతా, నాటా?"

"మూడేళ్ళ కింద బజార్లో కొన్నాను సార్."

"అంటే నాటు." ఆయన బాధగా తల ఊపారు. "శాఖ యొక్క వాణి నాటు పరికరం గుండా వెలువడటం ప్రతిష్ఠకు భంగకరం. ఇకపై ఏ దృశ్యమైనా శాఖ కొనుగోలు చేసి, చెవిపోగు వేసి, నమోదు చేసిన పరికరంతోనే చిత్రీకరించాలి. పన్నెండంకెల చెవిపోగు నంబరు లేనిదే వీడియో అప్‌లోడ్ కాదు. 'మందమాట' పాస్‌వర్డ్ ఈ కవరులో రాసి ఇవ్వండి."

"సార్, చెవిపోగు పశువులకి కదా?"

"శాఖ ఆస్తికి" అన్నారు ఆయన. "ఈ శాఖలో ఆస్తి అంటే చెవి ఉన్నట్టే లెక్క."

సువర్చల కవరులో పాస్‌వర్డ్ రాసి ఇచ్చింది. శాలువా కప్పుకుని బస్సెక్కింది. ఏప్రిల్ ఎండలో ఆ శాలువా ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొలకరికి ఇంకా రెండు నెలలుంది కదా, ఈలోగా కెమెరా రాకపోతుందా అనుకుంది. ఆవిడకి శాఖలో సర్వీసు ఆరేళ్ళే.

మర్నాడే ఫోటోల కుళ్ళాయప్ప దగ్గరికి వెళ్ళింది. ఆ మండలంలో పెళ్ళిళ్ళన్నీ అతని కెమెరాలోంచే నడుస్తాయి. వీడియోలకి ఏం కొంటే మంచిదని అడిగితే, అతను కొట్లో ఉన్నవన్నీ ముందేసుకుని, దేన్నీ అంటగట్టకుండా ఉన్నమాట చెప్పాడు.

"కూర్చుని మాట్లాడేదానికి పెద్ద కెమెరా యేల మేడమ్? మీ ఫోనే సాలు. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట ఇనబడకపోతే మాత్రం చూడరు. కాబట్టి కాలరుకి పెట్టుకునే మైకు ఒగటి కొనండి. మబ్బు దినాలకి ఒక లైటు. ఆ ఉప్పు జాడీ తీసేసి ఒక స్టాండు. అంతే."

"కోడి?"

"మైకు పెడితే కోడి తగ్గుతాది మేడమ్. పూర్తిగా పోదు."

సువర్చల ఆ మూడింటికే ఇండెంటు రాసింది. మైకు ఒకటి, లైటు ఒకటి, స్టాండు ఒకటి. ఆస్పత్రిలో సీనియర్ అసిస్టెంట్ హొన్నూర్ సాబ్ దాన్ని చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్న మనిషి. శాఖలో ఏ కాగితం ఎందుకు వెనక్కి వస్తుందో అతనికి రాకముందే తెలుసు.

"మేడమ్, ఇది పోదు. మన శాఖకి వస్తువు కొనే ఫారం లేదు."

"అంటే?"

"మందులు పైనుంచి వస్తాయి. కుర్చీలు ఇంకో శాఖ ఇస్తుంది. మనంతట మనం కొనేది ఒక్క జీవాలనే. గేదెలు, ఆవులు, పొట్టేళ్ళు. అందుకు ఒకటే ఫారం ఉంది. ఏడు బార్ గ, పాడిపశువు కొనుగోలు. కెమెరా కొనాలంటే దాంట్లోనే కొనాల. మైకు, లైటు దాణా కింద వస్తాయి. స్టాండు కట్టుకొయ్య కింద."

"హొన్నూర్ సాబ్, నవ్వులాటా?"

"నవ్వులాటైతే నాకెందుకు మేడమ్ ఇంత జీతం?" అన్నాడు అతను. "ఇంగోటి. పశువు లేకుండా ఒట్టి దాణా, కట్టుకొయ్య కొన్నామంటే ఆడిటు ఊరుకోదు. కాబట్టి కెమెరా కొనక తప్పదు."

అలా, అక్కర్లేని కెమెరా అవసరమైంది. ఫారం జిల్లాకి వెళ్ళింది. జిల్లా నుంచి "పాడిపశువు (చిత్రీకరణ రకము) ఒకటి కొనుగోలుకు అనుమతించడమైనది" అని జవాబు వచ్చింది. నిబంధన ప్రకారం కొనుగోలు గుర్తింపు పొందిన పశువుల సంతలోనే జరగాలి. మే రెండో మంగళవారం సంతకి ముహూర్తం పెట్టారు.

కుళ్ళాయప్ప పొద్దున్నే కెమెరా తీసుకుని సంతకి వచ్చాడు. అమ్మకానికి తెచ్చిన పశువుని కొయ్యకి కట్టాలి గనక, కెమెరా మెడపట్టీని ఒక గూటానికి కట్టేసి పక్కన నిలబడ్డాడు. ఇటుపక్క ఒక ముర్రా గేదె, అటుపక్క రెండు కోడెలు. సంతకొచ్చిన రైతులు కెమెరా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఏమీ అనకుండా గేదె దగ్గరికి పోతున్నారు.

పది గంటలకి కొనుగోలు కమిటీ దిగింది. అధ్యక్షులు విశ్వంభర్ గారు, సాంకేతిక సభ్యురాలు సువర్చల, కాగితాలకి హొన్నూర్ సాబ్.

"పళ్ళెన్ని?" అన్నారు విశ్వంభర్ గారు.

కుళ్ళాయప్ప సువర్చల వంక చూశాడు. ఆవిడ సంత వంక చూసింది.

"లెన్సులు రెండున్నాయి సార్" అన్నాడు చివరికి.

"రెండు పళ్ళు. లేత వయసే. మంచిది" అన్నారు విశ్వంభర్ గారు. హొన్నూర్ సాబ్ రాసుకున్నాడు. "రంగు?"

"నలుపు సార్."

"సుడులు?"

తిప్పే చక్రాలు పైన రెండు, వెనక ఒకటి ఉన్నాయి. పైన రెండు సుడులు శుభమే గాని వీపు మీది సుడి యజమానికి కీడని గేదె తాలూకు దళారి పక్కనుంచి అడగకుండానే చెప్పాడు. యజమాని ప్రభుత్వం గనక అభ్యంతరం లేదని విశ్వంభర్ గారు తీర్పు ఇచ్చారు. కెమెరా బయటి దేశంలో తయారై ఇక్కడ బిగించింది గనక జాతి అనే కాలమ్‌లో 'విదేశీ సంకరం' అని రాశారు.

తరవాత పాల పరీక్ష. నిబంధన ప్రకారం పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట కమిటీ సమక్షంలో పిండాలి. కుళ్ళాయప్ప పొద్దున సంతనంతా ఫోటోలు తీశాడు. సాయంత్రం దాకా అందరూ చింతచెట్టు కింద కూర్చుని, మళ్ళీ అదే సంతని అదే చోటునుంచి తీశారు. సాయంత్రం తక్కువ వచ్చాయి. "రెండో పూట తగ్గడం సహజం" అని విశ్వంభర్ గారే పశువు తరఫున సర్దిచెప్పారు.

బేరం దగ్గర అంతా సంత పద్ధతిలోనే జరిగింది. విశ్వంభర్ గారు, కుళ్ళాయప్ప ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని నొక్కుకున్నారు. కుళ్ళాయప్పకి ఆ లెక్క రాదు. ఎన్ని వేళ్ళు నొక్కితే ఎంతో తెలియక, పెద్ద ఆఫీసరు చెయ్యి పట్టుకున్నాడన్న మర్యాదకి తలూపుతూ పోయాడు.

చివరి కాలమ్ ఒకటి మిగిలింది. హొన్నూర్ సాబ్ పెన్ను ఆపాడు. "మేడమ్, చూడిదా, ఒట్టిదా?"

"హొన్నూర్ సాబ్!"

"మీరు కోప్పడితే నేనేం చేయాల? చూడి పశువునే కొనాలని నిబంధన. ఒట్టిది అని రాస్తే సరుకు వెనక్కి. ఖాళీ పెడితే ఫైలు వెనక్కి. మళ్ళీ సంత, మళ్ళీ కమిటీ, ఇంగ జూన్ పోతాది. పశువైద్యురాలి ధ్రువీకరణ కావాల, చైర్మన్ సారు కౌంటర్ సంతకం కావాల."

సువర్చల కళ్ళముందు ఫ్రిజ్‌లో వరసగా పేర్చిన టీకా సీసాలు మెదిలాయి. ఒళ్ళు మండిపోయింది. పెన్ను లాక్కుని, కాగితం చిరిగిపోయేంత గట్టిగా 'నిండు చూడి' అని రాసి సంతకం పెట్టింది. విశ్వంభర్ గారు చదివి, "శుభం" అంటూ పైన ఇంకా పెద్ద సంతకం పెట్టారు.

మెడపట్టీకి చిల్లు పొడిచి పసుపుపచ్చ చెవిపోగు బిగించారు. బీమా కోసం పశువుతో కలిసి అధికారి ఉన్న ఫోటో కావాలి. కెమెరాని కెమెరాతో తీయడం కుదరదు. విశ్వంభర్ గారు దాన్ని చంకలో పెట్టుకుని నిలబడితే, సువర్చల తన నాటు ఫోనుతో ఫోటో తీసింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చిందని ఆయనే అన్నారు.

"ఇంక ఇస్తే పట్టుకెళ్తాను సార్. రేపే వీడియో తీస్తాను" అంది సువర్చల చెయ్యి చాపి.

"ఎలా ఇస్తాం? సంత నుంచి వచ్చిన పశువు ఇరవై ఒక్క రోజులు క్వారంటైన్‌లో ఉండాలి. మీరు డాక్టరై ఉండి అడుగుతున్నారా?"

కెమెరా తన దాణా, కట్టుకొయ్యతో సహా జిల్లా పశువుల క్షేత్రంలోని క్వారంటైన్ షెడ్డుకి వెళ్ళింది. దానికి ప్రత్యేకంగా ఒక తొట్టి, తొట్టిలో రోజుకి ఇంతని పచ్చగడ్డి, కుడితి. మర్నాటికి గడ్డి అలాగే ఉంటే 'మేత ముట్టలేదు, బెంగ పెట్టుకున్నట్టున్నది' అని రిజిస్టరులో రాసేవారు. సువర్చల మే నెలలో రెండు ఉత్తరాలు రాసింది. తొలకరి దగ్గరపడిందనీ, ఈ ఒక్క వీడియోకి పాత ఫోను వాడనివ్వాలనీ. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "మహోద్యమం పురోగతిలో ఉన్నందున తొందరపాటు కూడదు" అని వచ్చింది.

జూన్ మొదట్లో, ఇరవయ్యో రోజు కూడా కాకముందే, పడమర మబ్బు పట్టింది. ఆ మధ్యాహ్నం ఎక్కడో చెరువు గట్టు నుంచి మాళింగప్ప ఫోను చేశాడు.

"ఏం మా, నీ వీడియో యాడ పాయ? దినాము చూస్తాండా, రాకపాయ. ఈడ గాలి మారింది. రెండు దినాల్లో వానొచ్చేట్లుంది."

"మాళింగన్నా, నువ్వు వెంటనే మంద తోలుకుని వచ్చెయ్. మిగతావాళ్ళకి కూడా చెప్పు."

"నాకు చెప్తివి, నేనొస్తా. వాళ్ళకెట్ల చెప్పేది? నలుగురు తెలుసు, నలభై మంది యాడుండారో తెలీదు. చెప్పినా నా మాట ఇంటారా? 'డాక్టరమ్మ చెప్పలేదే, నీకేం తెలుసు' అంటారు." అరుస్తున్న గొర్రెల్ని అదిలించి మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. "మా, యామన్నా జరిగిందా నీకు? పాణం బాగుండాదా?"

ఆ చివరి ప్రశ్నకి సువర్చలకి ఏడుపొచ్చింది. బాగున్నానని చెప్పి ఫోను పెట్టేసింది. ఆస్పత్రి బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. తరవాత లేచి, బీరువాలోంచి క్వారంటైన్ నిబంధనల పుస్తకం తీసి మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. ఆ పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషి ఆ శాఖలో అంతకుముందు లేరు. అట్ట మీద చెదలు కూడా పూర్తిచేయలేక వదిలేశాయి.

పద్నాలుగో నిబంధన దగ్గర ఆవిడ వేలు ఆగింది. రెండుసార్లు చదివి హొన్నూర్ సాబ్‌ని పిలిచింది. అతనూ చదివాడు. కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతని మొహాన నవ్వు వచ్చింది.

"మేడమ్, దూడ బరువు రాయాల. త్రాసు తెస్తా" అన్నాడు.

సువర్చల విశ్వంభర్ గారికి ఫోను చేసింది.

"సార్, శుభవార్త. క్వారంటైన్‌లో ఉన్న మన పశువు ఈనింది."

"ఏ పశువు?"

"చిత్రీకరణ రకం సార్. చెవిపోగు వేసిన రోజునే నిండు చూడి అని రాసుకున్నాం కదా. ఈ రోజు మధ్యాహ్నం సుఖప్రసవం. తల్లీ బిడ్డా క్షేమం."

"డాక్టర్ గారూ, మీరు ఏం మాట్లాడుతున్నారో..."

"ఈనలేదని రాయమంటే రాస్తాను సార్. అప్పుడు నిండు చూడి ఏమైపోయిందని పైనుంచి అడుగుతారు. ఈసుకుపోయి కడుపు పోయిందంటే క్షేత్రంలో నిర్లక్ష్యం. అసలు చూడే కాదంటే మన ధ్రువపత్రం తప్పు. దాని మీద నా సంతకం కింద ఉంది. మీది పైన."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తరవాత విశ్వంభర్ గారి గొంతు మారిపోయింది. అది కాగితం మీద రాసుకోడానికి సిద్ధమైన గొంతు.

"దూడ... ఆడా, మగా?"

"ఆడ సార్." మగదైతే వేలం వేస్తారని ఆవిడకి తెలుసు.

"బరువు?"

"నూట ఎనభై గ్రాములు."

"నెల తక్కువా?"

"చిన్న రకం సార్. అయినా చురుగ్గా ఉంది. పుట్టగానే మోగింది."

"తల్లి పోలికేనా?"

"నలుపు తల్లిదే. మిగతా అంతా తండ్రి పోలిక."

"తండ్రి ఎవరు?"

"రికార్డుల్లేవు సార్. సంతలో కొన్నది కదా."

"సంత పశువులతో ఇదే ఇబ్బంది" అని విశ్వంభర్ గారు నిట్టూర్చారు. సువర్చల నిబంధన చదివి వినిపించింది. క్వారంటైన్‌లో పుట్టిన దూడను అంటురోగాల భయం వల్ల షెడ్డులో ఉంచరాదు, వెంటనే తల్లినుంచి వేరుచేసి, చెవిపోగు వేసి, బాధ్యత గల పశువైద్యుని ఇంట పెంపకానికి అప్పగించవలెను. శాఖ పశువుకి పుట్టింది శాఖ ఆస్తి. మేలుజాతి తల్లికి పుట్టింది నాటు కాదు. ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నీ కాదనడానికి విశ్వంభర్ గారికి నిబంధన దొరకలేదు. నిబంధన లేనిదే ఆయన దేన్నీ కాదనరు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రం సువర్చల తన పాత ఫోను వెనక తొడుగుకి తనే చిల్లు పొడిచి పసుపుపచ్చ చెవిపోగు బిగించింది. పొద్దున్నే చెవిపోగు నంబరు నమోదై, కవరులోంచి పాస్‌వర్డ్ బయటికొచ్చింది. మబ్బు వల్ల కిటికీలో వెలుగు లేదు. పక్కింట్లోంచి ఇంకో బల్బు తెచ్చి వెలిగించింది. బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, దానికి ఆనించి చెవిపోగుతో ఫోను. ఫ్యాను ఆపింది. కోడి కూసింది. ఈసారి ఆ కూత వింటే ఆవిడకి ప్రాణం లేచి వచ్చింది.

"తిరగండి. ఉన్నవాళ్ళు ఉన్నట్టే తిరగండి. దోవలో వానపడితే లేతగడ్డి మీదికి తోలొద్దు, ముందు ఎండుమేత వెయ్యండి. ఇంటికి రాగానే టీకా. టీకా వేశాక కూడా పది రోజులు లేతగడ్డి వద్దు" అని చెప్పి నమస్కారం పెట్టింది. అంతా కలిపి నిమిషమున్నర.

వాన మర్నాటి రాత్రి పడింది. అప్పటికే మందలు తిరిగాయి. నాలుగు రోజులపాటు రాళ్ళచెలమ ఆస్పత్రి ముందు గొర్రెలే గొర్రెలు. సువర్చల నిలబడ్డచోటనే మజ్జిగ తాగుతూ టీకాలు వేసింది. హొన్నూర్ సాబ్ పెన్ను పక్కనపెట్టి గొర్రెల కాళ్ళు పట్టుకున్నాడు. ఫ్రిజ్ ఖాళీ అయింది.

వారం తరవాత జిల్లా నుంచి మనిషి ఒక సంచీ, ఒక ఉత్తరం తెచ్చాడు. ఉత్తరంలో మహోద్యమం తొలి ఫలితంగా మేలుజాతి పరికరం స్వల్పకాలంలో సంతానాన్ని ఇచ్చినందుకు హర్షం ప్రకటించారు. రెండో పేరాలో, క్వారంటైన్ ముగింపు నిబంధన మేరకు ఇరవై ఒకటో రోజున సదరు పశువుకి నోరు తెరిచి కడుపులో పురుగులు పోయే నట్టల మందు గొట్టంతో పట్టించడమైనదనీ, ఒంటికి పిడుదుల మందు పిచికారీ చేయడమైనదనీ, మరుసటి దినమున పశువు మరణించినదనీ రాశారు. సంచీలో కెమెరా ఉంది. లెన్సు పెట్టే చోటునుంచి ఇంకా తెల్లగా మందు కారుతోంది.

బీమాకి పోస్టుమార్టం కావాలి. సువర్చల ఆస్పత్రి వెనక అరుగు మీద కెమెరాని పడుకోబెట్టి ఫారం నింపుతుంటే, మాళింగప్ప వచ్చాడు. ఒక చేతిలో జున్నుపాల గిన్నె, వెనక మంద. గిన్నె పక్కన పెట్టి, అరుగు మీదున్నదాన్ని వంగి చూశాడు. చెవిపోగు చూశాడు. ఏమిటని అడిగితే ఆవిడ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. సంత, పళ్ళు, సుడులు, పచ్చగడ్డి, ప్రసవం, నట్టల మందు. అతను ఎక్కడా నవ్వలేదు. చచ్చిన జీవం ముందు నవ్వే అలవాటు అతనికి లేదు.

'తోలు' అన్న కాలమ్‌లో ఆవిడ 'ఒకటి, జిప్పుతో సహా' అని రాసింది. 'మరణ కారణం' దగ్గర మాత్రం కాసేపు ఆగింది. ఆ ఫైలు మొత్తంలో తను రాసిన నిజమైన మాట ఒక్కటీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. 'నిబంధనల మేరకు పోషణ' అని రాసి సంతకం పెట్టింది.

"నీ గొర్రెలెలా ఉన్నాయి మాళింగన్నా? ఏమైనా పోయాయా?"

"నావేం పోలేదు మా. ఊరంతా తిరిగొచ్చిన, ఎవురివీ పోలేదు." మాళింగప్ప తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అరుగు వైపు చూశాడు. "మూడేండ్ల కింద నాయే ఒక పూటలో పద్దెనిమిది పాయ. ఈ యేడు లేతగడ్డికి మండలం మొత్తం మీద పోయింది ఇదొక్కటే. ఇదేమో గడ్డే తినలేదంటివి."

మంద అప్పటికే గేటు దాటుతోంది. అతను గిన్నె మూత తీసి ఆవిడ చేతికిచ్చి, గొర్రెల వెనక నడిచి వెళ్ళిపోయాడు.